ఆంక్షలు అవమానమా, ఆసరానా?

పద్దెనిమిదేండ్లు నిండిన వెంటనే మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది వెళ్ళే మొదటి ప్రభుత్వ కార్యాలయం రవాణా శాఖవారిది. కంప్యూటరు తెరపై కనబడే రోడ్డు గుర్తులను గుర్తించి, అడిగిన ప్రశ్నలకు జవాబులు నొక్కి, ఎల్.ఎల్.ఆర్. అని మనమందరమూ పిలుచుకొనే ఆ కాగితం చేతికి వచ్చిన క్షణాన నగరమంతా మన చక్రాల క్రిందికి వచ్చినట్లే తోస్తుంది. ఈ వ్యాసం వ్రాస్తున్న మేమును ఆ సంతోషం అనుభవించినవారమే. దానితోపాటు పాటించవలసిన నియమములేవో తెలిసికొనకుండానే ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొన్నవారమును మేమే.

ఈ విషయం ఇప్పుడు ప్రస్తావించుటకు కారణమున్నది. వచ్చే విద్యాసంవత్సరం నుండి విద్యార్థుల మోటారు వాహనాలను వేటినీ ఆవరణలోనికి అనుమతించబోమని కళాశాల కమిటీవారు నోటీసు బోర్డుపై ప్రకటించినారు. విద్యార్థులలో అధిక సంఖ్యాకులు దీనిని వ్యతిరేకిస్తూ సంతకాలు సేకరించినారు. చివరి సంవత్సరం చదువుతున్న మేము ఆరుగురము ఆ పత్రంపై సంతకం చేయలేదు. కమిటీవారి నిర్ణయాన్ని సమర్థించనూ లేదు. మమ్ము పిరికివారని కొందరు, గోడమీది పిల్లులని మరికొందరు అన్నారు. మా మౌనానికి అర్థమేమో చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నది. కావున ఈ పుటలలో మా అభిప్రాయాన్ని విన్నవించుకొంటున్నాము.

ఈ నోటీసుకు మూలమైన సంఘటన అందరికీ తెలిసినదే. గత సెప్టెంబరులో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు, ఎల్.ఎల్.ఆర్. తీసికొని పదకొండు రోజులైనా నిండకముందే, అన్న బండిపై ఇద్దరు మిత్రులను ఎక్కించుకొని సాయంకాలం ఇంటికి బయలుదేరినాడు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క హెల్మెట్. అదియు తలపై కాక పెట్రోలు ట్యాంకుపై ఉన్నది. మలుపులో ఆగి ఉన్న లారీని చూచి బ్రేకు వేసినాడు. ముగ్గురి బరువుతో బండి ఆగవలసిన చోట ఆగలేదు. ప్రాణాలు దక్కినవి. కాని నడిపినవాని కుడికాలు రెండుచోట్ల విరిగినది. ఆ ఏటి పరీక్షలు పోయినవి. అతని తండ్రి దర్జీ. ఇంటిలో ఉన్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి ఆస్పత్రి ఖర్చులకు అమ్ముడుపోయినది.

మేము పరామర్శకు వెళ్ళినప్పుడు ఆ తండ్రి కుమారుని తిట్టలేదు, లారీవానినీ తిట్టలేదు. “కాగజ్ వచ్చింది కదా బేటా, ఇంక నడుపుకోవచ్చు అనుకున్నాను” అని మాత్రం అన్నాడు.

ఆ మాట మమ్ము చాల దినములు వెంటాడినది. ఆ కాగితం దేనిని అనుమతించినదో, దేనిని అనుమతించలేదో ఆ తండ్రికి తెలియదు, కుమారునికీ తెలియదు. నిజం చెప్పవలెనంటే మాకును తెలియదు. ఆ తరువాతనే మేము చట్టం చదివినాము.

1988 నాటి మోటారు వాహనముల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనలు చెప్పేది క్లుప్తంగా ఇది. పద్దెనిమిదేండ్లు నిండనివారు బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడుపరాదు. పదహారేండ్లు నిండినవారికి ఒక మినహాయింపు కలదు గాని, అది ఇంజను సామర్థ్యం 50 సి.సి. మించని మోటారు సైకిలుకు మాత్రమే. మా తండ్రుల కాలంలో లూనా, టి.వి.ఎస్. 50 వంటి మోపెడ్లు వీథివీథినా తిరిగేవి కనుక ఆ మినహాయింపుకు అర్థముండేది. నేడు దుకాణాలలో అమ్మే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నియు నూరు సి.సి.కి పైబడినవే. కనుక ఇంటర్ చదివే తమ్ముడు తనకు పదహారు నిండినవని చెప్పి ఇంటిలోని స్కూటరు తీయడం చట్టం దృష్టిలో లైసెన్సు లేకుండ నడుపుటయే.

ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది నేర్చుకొనుటకు ఇచ్చిన అనుమతి. ఇష్టం వచ్చినట్లు తిరుగుటకు ఇచ్చిన హక్కుగా దానిని భావించరాదు. ఆ అనుమతికి షరతులున్నవి. నేర్పేవాడు లైసెన్సు కలవాడై, బండిని అదుపు చేయుటకో ఆపుటకో వీలైన చోట కూర్చుండి ఉండవలెను. బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎర్రని ఎల్ అక్షరం కనబడవలెను. మోటారు సైకిలు నేర్చుకొనేవాడు ఆ నేర్పేవానిని తప్ప మరెవ్వరినీ ఎక్కించుకొనరాదు.

మా సహవిద్యార్థి ఆ సాయంకాలం ఈ షరతులన్నిటినీ ఒక్కసారిగా ఉల్లంఘించినాడు. ఉల్లంఘించినవాడు అతడొక్కడే అయితే ఈ వ్యాసం అక్కరలేదు. ఒక ఉదయం మన గేటు వద్ద గంటసేపు నిలుచుండి చూడండి. ఎర్రని ఎల్ అక్షరమున్న వాహనం ఒక్కటి కనబడినా, అది డ్రైవింగు స్కూలువారి కారే అయి ఉంటుంది.

నియమాలను సమర్థించుటకు ముందు వాటిలోని లోపాలను ఒప్పుకొనడం న్యాయం. కారులో ప్రక్కన కూర్చున్నవాడు చేయి చాచి స్టీరింగు పట్టుకొనగలడు. డ్రైవింగు స్కూలు కారులో అయితే అతని కాలిక్రింద వేరొక బ్రేకు ఉంటుంది. మోటారు సైకిలు వెనుక కూర్చున్న గురువు చేయగలిగినది మాత్రం “బ్రేకు, బ్రేకు” అని అరవడమే. ఈ నిబంధనను కారును దృష్టిలో ఉంచుకొని వ్రాసినట్లున్నది. మన బస్తీలలో పిల్లలు నేర్చుకొనేవి ద్విచక్ర వాహనాలు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి కలదు. ఎల్.ఎల్.ఆర్. వచ్చిన 30 రోజులకు పరీక్షకు పోవచ్చును. ట్రాకుపై కాలు నేల మోపకుండ ఎనిమిది అంకె తిప్పినవానికి పక్కా లైసెన్సు వస్తుంది. ఆ మరునాటి నుండి అతడు ఎంత పెద్ద ఇంజనుగల మోటారు సైకిలునైనా, ఏ అర్ధరాత్రియైనా, వెనుక మిత్రుని కూర్చుండబెట్టుకొని, ఏ జాతీయ రహదారిపైనైనా నడుపవచ్చును. నిన్నటివరకు గురువు లేనిదే కదలరాదన్నవానికి నేడు పాతికేండ్ల అనుభవశాలికున్న అధికారాలన్నియు సంక్రమించినవి. ఇది మెట్లు లేని మేడ. క్రింద నేల ఉన్నది, పైన డాబా ఉన్నది. ఎక్కే దారి మాత్రం లేదు.

ఆ మెట్లను కొన్ని దేశాలవారు కట్టుకొన్నారు. 1987లో న్యూజిలాండు దేశం, నేర్చుకొనే దశకూ పూర్తి లైసెన్సుకూ నడుమ ఆంక్షలతో కూడిన దశనొకదానిని దేశమంతటా ప్రవేశపెట్టినది. ఆ దశలో ఉన్నవాడు రాత్రి 10 నుండి ఉదయం 5 వరకు ఒంటరిగా నడుపరాదు. అనుభవజ్ఞుడు ప్రక్కన లేనిదే మిత్రులను ఎక్కించుకొనరాదు. 1994లో కెనడాలోని ఆంటారియో, 1996లో అమెరికాలోని ఫ్లోరిడా అదే మార్గం పట్టినవి.

బ్రిటనులో ప్రొవిజనల్ లైసెన్సు అనేది మన ఎల్.ఎల్.ఆర్. వంటిదే. దానితో మోటారు సైకిలు నడిపేవాడు 125 సి.సి. దాటరాదు, మోటారు మార్గాలపైకి పోరాదు, వెనుక ఎవరినీ ఎక్కించుకొనరాదు. కూర్చునేవానికి లైసెన్సు ఉన్నా సరే, కూడదు. పరీక్ష నెగ్గిన పిమ్మటనైనా అక్కడ పూర్తి స్వేచ్ఛ లేదు. 1995 నాటి చట్టం ప్రకారం మొదటి రెండేండ్లలో ఆరు దోషపు పాయింట్లు పడినవాడు లైసెన్సు పోగొట్టుకొని, మళ్ళీ ప్రొవిజనల్ దశ నుండి ప్రారంభించవలెను.

ఆస్ట్రేలియాలో అదే ప్రొవిజనల్ అనే పేరు పరీక్ష నెగ్గిన తరువాతి దశకు పెట్టినారు. సిడ్నీ నగరమున్న న్యూ సౌత్ వేల్సు రాష్ట్రంలో మన తెలుగు కుటుంబాలు, హైదరాబాదు కుటుంబాలు ఎన్నో స్థిరపడినవి. అక్కడ కారు నేర్చుకొనే 25 ఏండ్లలోపువారు కనీసం 12 నెలలు ఎల్ పలకతో తిరిగి, 120 గంటలు నడిపినట్లు లెక్క చూపవలెను. అందులో 20 గంటలు రాత్రివేళవి కావలెను. పిమ్మట ఎర్రని పి అక్షరంతో ఒక ఏడు, ఆకుపచ్చని పి అక్షరంతో రెండేండ్లు. ఆ కాలమంతటా ఒంటిలో మద్యం చుక్కయైనా ఉండరాదు. ఎర్ర పి దశలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటరాదు. 25 ఏండ్లలోపువారైతే రాత్రి 11 నుండి ఉదయం 5 వరకు 21 ఏండ్లలోపు మిత్రులను ఒక్కరికి మించి ఎక్కించుకొనరాదు. ఇక్కడ మేనమామ బండిపై ముగ్గురుగా తిరిగిన మన కుర్రవాడే అక్కడ పి పలక తగిలించుకొని, తలవంచి, మూడేండ్లు ఓపికపడుతున్నాడు. అతని రక్తం మారలేదు, నియమం మారినది.

ఈ దేశాల ఆంక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే అవి ముఖ్యంగా రాత్రివేళ, తోడువచ్చే మిత్రులు, వేగం, మద్యం అనే నాలుగింటిని చుట్టుకొని ఉన్నవి. దీనికి కారణం కలదు. క్లచ్చి, గేరు, బ్రేకు అనేవి చేతులకు కాళ్ళకు కొద్ది వారాలలో అలవాటవుతవి. కాని ఆగి ఉన్న ఆటో తలుపు తెరుచుకొనవచ్చునని, బస్సు ముందునుండి పిల్లవాడు పరుగెత్తి రావచ్చునని, వాన పడిన తొలి నిమిషాలలో రోడ్డు జారునని ముందుగా పసిగట్టే చూపు నెలల తరబడి నడిపితే గాని రాదు. ఒంటరిగా నడుపనారంభించిన తొలి నెలలలోనే ప్రమాదావకాశం అత్యధికమని, అనుభవం పెరిగిన కొలది తగ్గుతుందని పలుదేశాల పరిశోధనలు చెప్పినవి. తోటి వయస్సువారు బండిలో ఎందరెక్కువైతే అపాయం అంత పెరుగుతుందని, పెద్దవారు ప్రక్కనుంటే తగ్గుతుందని కూడ తేలినది. ఇది మనకు పుస్తకాలు చూచి తెలిసికొనవలసిన విషయమా? వెనుకనుండి “ఆ బండిని దాటించు భాయ్” అన్నవాడు లేకున్నచో మనలో ఎందరము ఎన్నిసార్లు దాటించకుండ ఊరకుండేవారమో ఎవరి గుండెపై వారు చేయి వేసికొని చెప్పవలెను.

మన దేశపు లెక్క కొంత చెప్పక తప్పదు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖవారి నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. ఈ చివరి సంఖ్యలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. అనగా లిఫ్టు అడిగినవారు, చెల్లెండ్రు, తల్లులు, మిత్రులు. ఆంక్షల గూర్చి వాదించేటప్పుడు “నా ప్రాణం నా ఇష్టం” అనే మాట తరచుగా వింటున్నాము. ఆ 14,337 మంది ఎవరి ఇష్టానికి బలియైనారో ఆ మాట అన్నవారు చెప్పవలెను.

ఇక మిత్రులు మాతో చేసిన వాదనలు. వాటిలో రెండు చాల బలమైనవని ఒప్పుకొంటున్నాము.

ఒకటి: రాత్రివేళ ఆంక్ష పెడితే పేదవిద్యార్థి పొట్ట కొట్టినట్లవుతుందని. మన కళాశాలలో పగలు చదివి రాత్రి పదకొండు వరకు బిర్యానీ పొట్లాలు ఇంటింటికి అందించేవారు, మందుల దుకాణాలలో పనిచేసేవారు ఉన్నారు. వారి జీతంతోనే ఇంటిలో పొయ్యి వెలుగుతున్నది. వారిని రాత్రి బండి తీయవద్దనడం అన్నం తినవద్దనడమే. ఈ వాదన నిజమైనది. కాని దానికి సమాధానం ఆంక్షను ఎత్తివేయడం కాదని మా అభిప్రాయం. జీవనోపాధి కొరకు ఒంటరిగా, హెల్మెట్ ధరించి, పక్కా లైసెన్సుతో పోయేవానికి మినహాయింపు ఇవ్వవచ్చును. అర్ధరాత్రి ట్యాంక్‌బండ్ మీద గాలి తిరుగుటకు ముగ్గురుగా బయలుదేరేవానికి ఆ పేదవాని పేరు చెప్పుకొనే అర్హత లేదు.

రెండవది: వాహనాలను నిషేధిస్తే విద్యార్థినులకు ఎక్కువ కష్టమని. ఇదియు నిజమే. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం లభించడం గొప్ప మేలు. అయినను బస్సు ఆగే చోటునుండి ఇంటివరకు ఉన్న గల్లీలలో బస్సు రాదు. ఫలక్‌నుమా అవతలినుండి, కాటేదాన్ వైపునుండి స్కూటరుపై వచ్చి చదువుకొంటున్న చెల్లెండ్రు మన కళాశాలలో ఉన్నారు. కూతురు స్కూటరుపై పోయి సాయంకాలం అయిదింటికి ఇల్లు చేరుతుందన్న ధైర్యంతోనే ఆమెను డిగ్రీకి పంపిన తల్లిదండ్రులున్నారు. వారిలో మేము ఎరిగినవారందరూ లైసెన్సు కలవారే, హెల్మెట్ ధరించేవారే. ఏ తప్పూ చేయనివారిపై మొదటి దెబ్బ పడే నిర్ణయం న్యాయమైనది కాజాలదు.

మూడవ వాదన ఒకటి ఉన్నది: పెద్దలే నియమాలు పాటించనప్పుడు మాకేల అని. దీనికి మేము సమాధానం చెప్పము. దీనికి సమాధానం ఆ దర్జీ ఇంటిలో రెండవ కుట్టుమిషను ఉండిన చోట ఖాళీగా కనబడుతున్నది.

తల్లిదండ్రులకు సంబంధించిన రెండు విషయాలు కూడ చెప్పవలసి ఉన్నది. మన మొదటి సంవత్సరం తరగతులలో పదిహేడేండ్లవారు ఎందరో ఉన్నారు. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి గాని బండి యజమాని గాని దోషిగా పరిగణింపబడతాడు. తనకు తెలియకుండ జరిగినదని, ఆపుటకు శక్తికొలది ప్రయత్నించినానని రుజువు చేయలేనిచో మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా; బండి రిజిస్ట్రేషను ఒక ఏడు రద్దు. ఆ మైనరుకు 25 ఏండ్లు నిండేవరకు ఎల్.ఎల్.ఆర్. కూడ ఇవ్వరు. ఒక సాయంకాలపు సరదాకు ఎనిమిదేండ్ల శిక్ష ఇది.

రెండవది బీమా. ఎల్.ఎల్.ఆర్. కలవాడు నడిపిన బండికి బీమా వర్తించదని చాలమంది అనుకొంటారు. అది పొరపాటు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఎల్.ఎల్.ఆర్. కలవాడు కూడ లైసెన్సు కలవానిగానే పరిగణింపబడవలెనని తీర్పు చెప్పినది. కాని మన బండ్ల పాలసీ పత్రాలను విప్పి చూడండి. ఎల్.ఎల్.ఆర్. కలవాడు కేంద్ర నిబంధనలలోని మూడవ నిబంధనను పాటిస్తూ నడుపవలెననే షరతు అందులో ఉంటుంది. గురువు, ఎర్రని ఎల్ అక్షరం, వెనుక మరెవ్వరూ ఉండకపోవడం అనేవే ఆ మూడవ నిబంధన. అనగా ఆంక్షను పాటించడం కుటుంబపు ఆస్తిని కాపాడుకొనడం కూడ అవుతున్నది.

ఇప్పుడు కమిటీవారికి మా మనవి. తమ ఆవేదనను మేము గౌరవిస్తున్నాము. విద్యార్థి ప్రాణాన్ని గూర్చి కలవరపడే కమిటీ ఉండడం మా అదృష్టం. కాని గేటు మూసినంత మాత్రాన బండ్లు మాయం కావు. నోటీసు పడిన వారంలోనే కొన్ని బండ్లు వెనుక సందులోని చాయ్ హోటలు ముందుకు చేరినవి. ఆవరణలో ఉన్నప్పుడు వాటిని చూచేవారైనా ఉండిరి, సందులో ఎవరున్నారు? సంపూర్ణ నిషేధం ఎల్.ఎల్.ఆర్. దశలోనివానిని, నాలుగేండ్ల అనుభవమున్నవానిని ఒకే గాట కట్టుతున్నది. అది మన చట్టంలోని లోపం వంటిదే. చట్టం అందరికీ డాబా ఇచ్చినది, కమిటీవారు అందరికీ నేల ఇస్తున్నారు. మేము కోరేది మెట్లు.

చట్టాన్ని మార్చే శక్తి మనకు లేదు. మన ఆవరణలోని నియమాన్ని మార్చుకొనే శక్తి ఉన్నది. కావున ఈ సూచనలు చేస్తున్నాము. ఎల్.ఎల్.ఆర్. మాత్రమే కలవారు ఒంటరిగా బండిపై కళాశాలకు రారాదు. వారికి పాసు ఇవ్వరాదు. పక్కా లైసెన్సు వచ్చి ఏడాది నిండనివారికి ఎర్ర పాసు ఇచ్చి, తోటివిద్యార్థులను ఎక్కించుకొనరాదనే షరతు పెట్టవలెను. ఇంటివారిని తీసికొని వచ్చుటకు అడ్డు చెప్పరాదు. ఏడాది దాటినవారికి ఆకుపచ్చ పాసు. వెనుక ఒక్కరు, ఇద్దరికీ హెల్మెట్లు. షరతు తప్పినవారి పాసు మొదటిసారి నెల, రెండవసారి ఆ సంవత్సరమంతా రద్దు కావలెను. పాసుల తనిఖీ కొరకు ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు, ఒక విద్యార్థిని కలసిన చిన్న సంఘం చాలును. ప్రతి సంవత్సరం జూలైలో రవాణా శాఖ అధికారి ఒకరిని పిలిపించి, మొదటి సంవత్సరంవారికి ఎల్.ఎల్.ఆర్. నియమాలను ఉర్దూలోను తెలుగులోను చెప్పించవలెను. ఆ సభకు తండ్రులను, తల్లులను కూడ ఆహ్వానించవలెను. ఆదివారాలలో మన క్రీడామైదానాన్ని నేర్చుకొనేవారికి తెరిచి ఉంచితే ఇరుకు వీథులలో నేర్చుకొనే బాధ తప్పుతుంది. లైసెన్సు కలిగి అనుభవమున్న మేము ఆరుగురము వంతులవారీగా వచ్చి నేర్పుటకు సిద్ధంగా ఉన్నాము. ఇవన్నియు డబ్బు ఖర్చుకాని పనులు.

చివరగా మిత్రులకు ఒక మాట. ఈ ఆంక్షలలో అన్నిటికంటె కష్టమైనది వెనుక సీటును గూర్చినది. వేగం తగ్గించుకొనడం కష్టం కాదు; హెల్మెట్ పెట్టుకొనడం అలవాటవుతుంది. కాని ఎండలో నిలుచున్న మిత్రుడు చేయి ఎత్తి ఆపినప్పుడు, వెనుక చోటుండి, ‘ఎక్కించుకొనలేను’ అనడం మన పెంపకంలోనే లేదు. ఒక్క రొట్టె ఉంటే విరిచి పంచుకొమ్మని నేర్పిన ఇండ్లలో పుట్టినవారము. ఖాళీ సీటుతో మిత్రుని దాటిపోవడం మనకు పిసినారితనంగా, పొగరుగా తోస్తుంది. ఆ సెప్టెంబరు సాయంకాలం ఆ పిల్లవాడు మిత్రులిద్దరినీ ఎక్కించుకొన్నది దుడుకుతనంతో కాదు, మొగమాటంతో. బస్సు పోయినదని వారు అడిగినారు, కాదనలేకపోయినాడు. ఈ సంగతి ఆస్పత్రిలో అతడే మాతో చెప్పినాడు.

అందువలననే నియమం కావలెనంటున్నాము. కాదనే బరువును ఆ పదునెనిమిదేండ్ల కుర్రవాని భుజం పైనుండి దింపి నియమం తన భుజానికి ఎత్తుకొంటుంది. “నాకు ఇంకా ఎర్ర పాసు భాయ్, ఏడాది ఆగు” అని అతడు నవ్వుతూ అనగలడు. అడిగినవాడు నవ్వుతూ బస్సు స్టాపు వైపు నడువగలడు. ఎవరి స్నేహమూ చెడదు. ఆంక్ష మనలను అవమానిస్తున్నదని అనుకొన్నాము గాని, మనకు చేతకాని మాటను మన తరఫున అది పలుకుతున్నది.

నిదానమే ప్రధానమని మన తెలుగు పెద్దలు అన్నారు. దేర్ ఆయద్, దురుస్త్ ఆయద్ అని మన ఉర్దూ పెద్దలు అన్నారు. ఆలస్యంగా వచ్చినా క్షేమంగా వచ్చినవాడే వచ్చినవాడని రెండింటి సారం. కమిటీవారు నోటీసును పునఃపరిశీలింతురని, మిత్రులు సంతకాల పత్రంలో “ఎట్టి ఆంక్షలూ వద్దు” అన్న వాక్యాన్ని మార్చుకొందురని ఆశిస్తున్నాము. అట్లు మార్చుకొన్ననాడు ఆ పత్రంపై మొదటి ఆరు సంతకాలు మావే.

ఆ పిల్లవాడు ఈ ఏడు మళ్ళీ మొదటి సంవత్సరంలోనే చేరినాడు. కొద్దిగా కుంటుతూ, బస్సులో వస్తున్నాడు. ఎల్.ఎల్.ఆర్. గడువు ఎప్పుడో తీరిపోయినది. వచ్చే ఎండాకాలం కొత్తది తీసికొందునని మొన్న మాతో అన్నాడు. నేర్పుటకు మైదానానికి వస్తామని మేము మాట ఇచ్చినాము. మైదానపు గేటు తాళం కమిటీవారి చేతిలో ఉన్నది.